తెర వెనక నేసిన కంబళి

మగ్గం మీద పోగు తెగితే మా ఇంట్లో దెబ్బ నాకు పడేది.

మా ఆయన గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని కంబళ్ళు నేసేవాడు. నేను వసారాలో కూర్చుని గొర్రె బొచ్చును కదురు మీద వడికేదాన్ని. పోగు తెగితే చప్పుడేమీ రాదు. ఆయన చేతుల చప్పుడు మాత్రం ఆగిపోతుంది. ఆగిందంటే నా వీపు ముందుగానే బిగుసుకునేది. "ఏమే, ఇట్రా" అనేవాడు. వెళ్ళేదాన్ని. గుంతలో నుంచి లేవకుండానే చేతికి అందిన దానితో కొట్టేవాడు. చేతికి అందేది ఎప్పుడూ ఒకటే, చింతచేవ కత్తి.

పేరుకు కత్తి గానీ అది చెక్కే. రెండు మూరల పొడుగు, ఒక పక్క పలచగా చెక్కిన అంచు. నిలువు పోగుల పడుగులోకి అడ్డంగా పేక పోగు దూర్చి, ఈ కత్తిని లోపల పెట్టి తన వైపు గట్టిగా కొట్టుకుంటే పోగు బిగుస్తుంది. ఆ బిగువు లేకపోతే కంబళిలోకి వాన దిగుతుంది. మా ఆయన వాళ్ళ తాత చేయించిన కత్తి అది. మూడు తరాల చేతుల నూనె తాగి నల్లగా నిగనిగలాడేది. దాని అంచు ఎంత మందమో నా మోచేతులకు, పిక్కలకు తెలుసు.

అందుకని తెగని దారం వడకడం నేర్చుకున్నాను. మూడేళ్ళు పట్టింది. బొచ్చును ఎంత సేపు ఏకాలి, ఎంత తడి ఉండాలి, కదురు తిరిగేటప్పుడు బొటనవేలు ఎక్కడ ఆపాలి, ఇవన్నీ అత్త చెప్పలేదు, అమ్మ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత బ్లాగులో ఒకావిడ అడిగింది, "అమ్మా, మీ నూలు ఇంత సమంగా ఎలా వస్తుందండీ, రహస్యం చెప్పరూ" అని. నేను "అలవాటు" అని రాశాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. గొర్రెలు మేపే కులం. చలి ఎక్కువ కాబట్టి కంబళికి అక్కడ ఎప్పుడూ గిరాకీ. నాకు ముప్పై దాటేదాకా అక్షరం ముక్క రాదు. పాపను చిత్తూరులో హాస్టల్లో వేశాక అది ఉత్తరాలు రాసేది. వాటిని మా తోడికోడలు చదివి వినిపించేది. చదివేటప్పుడు మధ్యలో నవ్వుకునేది, కొన్ని మాటలు మింగేసేది. నా కూతురు నాకు రాసిన మాట నాకంటే ముందు ఇంకొకరి నోట్లో పడుతోందని నాకు కడుపు మండేది. ఊళ్ళో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలు పెడితే వెళ్ళి కూర్చున్నాను. చెప్పే అమ్మాయి పదో తరగతి తప్పిన పిల్ల. నా ఒళ్ళో ఒక పక్క పలక, ఒక పక్క కదురు.

"ఏమే, అక్షరాలు ఏకుతాండావా, బొచ్చు ఏకుతాండావా?" అని మా ఆయన ఊళ్ళో వాళ్ళ ముందర నవ్వేవాడు.

"రెండూ ఏకుతా. నీకేమన్నా తక్కువ చేసినానా?"

"తక్కువ సేస్తే తెలస్తాదిలే."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ మాటకు అర్థం తెలిసిన ఆడవాళ్ళే ఎక్కువగా నవ్వారు.

రెండేళ్ళకు పాప ఉత్తరం నేనే చదివాను. తప్పులతోనే జవాబు రాశాను.

పాప డిగ్రీ అయ్యాక తిరుపతిలో బస్టాండు దగ్గర మేడ మీద ఉన్న డీటీపీ షాపులో పనికి కుదిరింది. చలికాలంలో నేను కంబళ్ళ మూట ఎత్తుకుని తిరుపతికి వెళ్ళేదాన్ని. కొండకు పోయే జనం, ముఖ్యంగా గుండ్లు చేయించుకోబోయే ముసలివాళ్ళు, బేరమాడి కొనేవాళ్ళు. అమ్ముడైపోయాక మధ్యాహ్నం షాపులో పాప పక్కన కూర్చునేదాన్ని. చేతిలో కదురు ఉండేది. షాపుకు వచ్చిన వాళ్ళు శుభలేఖల సంగతి మరిచిపోయి నా చేతి వైపు చూసేవాళ్ళు.

"మా, అందరూ నిన్నే అడుగుతుండారు. నువ్వు చెప్పేదంతా ఒక చోట రాసి పెడదామా?" అంది పాప ఒక రోజు. "బ్లాగు అంటారు. ఊరికే పెట్టుకోవచ్చు."

మొదట్లో నేను చెబితే అది కొట్టేది. అది నా మాటలను దిద్ది పెట్టేది. చదివి చూస్తే అవి నా మాటల్లా ఉండేవి కాదు. "నేనే కొడతా" అన్నాను. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు అక్షరాలు వచ్చే పద్ధతి. ఏ మీట నొక్కితే ఏది వస్తుందో పాప ఒక అట్ట ముక్క మీద రాసి ఇచ్చింది. నాలుగు ముక్కలు కొట్టడానికి ఒక మధ్యాహ్నం పోయేది. తొలి కత్తెర బొచ్చు ఎందుకు మెత్తన, పడుగుకు పట్టించే చింతగింజల గంజి ఎంత పలచగా కాయాలి, నల్ల గొర్రె బొచ్చు ఎండకు కొసల్లో ఎర్రబారితే దాన్ని వేరు చేయాలా వద్దా, ఇలాంటివి రాసేదాన్ని. ఒక్కొక్కదాన్ని టపా అంటారని తర్వాత తెలిసింది. మగ్గం పనిముట్ల మీద ఒక టపా రాశాను. కత్తి గురించి రాస్తూ "పేకను బిగించడానికి" అని రాసి, కాసేపు ఆగి, అక్కడితో చుక్క పెట్టేశాను.

చదివేవాళ్ళు ఏడెనిమిది మంది. క్రోషా అల్లే ఒక టీచరమ్మ, మైసూరులో ఉండే ఒక తెలుగావిడ, ఎక్కడ ఉంటాడో చెప్పని ఒక ముసలాయన. ఆయన ఒకసారి, "ఇది నిజంగా పల్లెటూరి ఆవిడ రాస్తోందా, కూతురు రాసి పెడుతోందా?" అని అనుమానపడ్డాడు. "నా కూతురు రాస్తే ఇన్ని తప్పులుండవు సామీ" అని జవాబు కొట్టాను. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నాకు వాళ్ళందరూ మా వసారాలో కూర్చున్నట్టే అనిపించేది.

నేను చేసిన తప్పుకు మూలం ఆ అనిపించడమే. మా ఊళ్ళో ఇంకొకరి వసారాలోకి వచ్చిన మనిషి మాట్లాడకుండా పోడు. నీళ్ళు తాగకపోయినా, "ఏం సేస్తాండావు?" అనైనా అంటాడు. బ్లాగుకు వచ్చే వాళ్ళూ అంతే అనుకున్నాను. మాట్లాడిన వాళ్ళే వచ్చిన వాళ్ళు. ఒక్క మాట కూడా అనకుండా చూసి పోయే కళ్ళు ఉంటాయని నాకు తట్టలేదు.

ఆ ఏడాది మా కులదేవుడి కంబళి నేసే వంతు మా ఇంటికి వచ్చింది. అది చాలా ఏళ్ళకొకసారి జరుగుతుంది. ప్రతి ఇంటి నుంచీ నల్ల గొర్రెపిల్ల తొలి కత్తెర బొచ్చు ఒక దోసెడు తెచ్చి ఇస్తారు. అదంతా కలిపి ఒక ఆడది వడకాలి, ఒక మగవాడు నేయాలి. మగ్గం చుట్టూ పసుపు ముంచిన తెర కడతారు. దేవుడి మీద కప్పేదాకా నేసేవాడి కన్ను తప్ప ఇంకొక కన్ను ఆ గుడ్డ మీద పడకూడదు. వడికిన ఆడదానిది కూడా.

నేసే నలభై దినాలు ఇద్దరం ఒక్క పూట తినాలి, విడిగా పడుకోవాలి. చింతచేవ కత్తికి పసుపు రాసి, దారం చుట్టి దేవుడి పనికి అప్పగిస్తారు. ఆ నలభై దినాలు దాన్ని ఇంకొక పనికి వాడకూడదు.

అంటే ఆ నలభై దినాలు నాకు దెబ్బలు లేవు.

ఆ సంగతి మొదటి వారంలోనే అర్థమైంది. తెర వెనక చప్పుడు ఆగినా నా వీపు బిగుసుకోవడం మానేసింది. అలాంటప్పుడు వడికిన దారం ఎలా ఉంటుందో నాకే తెలియదు, అదే మొదటిసారి చూడటం. వేళ్ళకు తొందర లేదు. బొచ్చు తనంతట తానే కదురులోకి పోతున్నట్టు ఉండేది. ఎంత సన్నగా లాగినా పోగు తెగలేదు. తెర వెనక నుంచి మా ఆయన ఒక రోజు తనలో తాను అనుకున్నట్టు, "బాగొస్తా ఉండాదే" అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా పని మీద ఆయన అన్న మంచి మాట అదొక్కటే.

దాన్ని చూడాలనిపించింది. ముప్పయ్యో రోజు పాప సెలవు మీద ఇంటికి వచ్చింది. ఆయన స్నానానికి బోరు దగ్గరికి పోయాడు. పాప సెల్‌ఫోను తీసుకుని తెర ఎత్తాను.

నల్లటి గుడ్డ. రంగు వేసిన నలుపు కాదు కాబట్టి ఒక్కొక్క వరస ఒక్కొక్క రకంగా ఉంది. వందల గొర్రెపిల్లల నలుపు. అంచు గీత గీసినట్టు తిన్నగా. నా నూలు ఎక్కడా లావు కాలేదు, ఎక్కడా తేలిపోలేదు. ఏడుపొచ్చింది. ఒక ఫోటో తీసి తెర దించేశాను.

"మా, ఇది పెట్టొచ్చా?" అని పాప తిరుపతి పోయాక ఫోను చేసి అడిగింది.

"మనోళ్ళే కదా సూసేది. పెట్టు."

వారం తిరక్కముందే మా బావ వచ్చాడు. మా ఆయనకు అన్న, కులదేవుడి పూజారి. ఆయన అల్లుడు బెంగళూరులో పని చేస్తాడు. అతను ఏదో వెతుకుతుంటే ఆ ఫోటో కనపడింది. పసుపు తెర, మగ్గం గుర్తు పట్టి, కాగితం మీద అచ్చు తీసి మామకు పంపాడు. బావ వసారాలో నిలబడి ఆ కాగితాన్ని మా ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది నీ మగ్గమేనారా?"

"నాదే. యాడిదిన్నా ఇది?"

"యాడిదా? బెంగళూరులో ఉండాది, మదరాసులో ఉండాది. దేవునికి కప్పకముందే లోకమంతా కప్పుకునింది."

మా ఆయన కాగితం వంక చూడలేదు. నా వంక చూశాడు. "నువ్వేనా?"

"నేనే. సూడాలనిపించి సూసినా. మన దారమే కదా."

ఆయన తెర లోపలికి పోయి కత్తి తీసుకుని వచ్చాడు. దానికి పసుపు ఉంది, దారం ఉంది. నేను ఆ దారం వైపు చూస్తున్నాను, దానితో కొట్టడులే అనే ధైర్యంతో. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది చెవి పక్కన. కింద పడ్డాక మూడో దెబ్బ తల మీదకు వస్తుంటే కుడి చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు ఎండుపుల్ల తుంచినట్టు నాకే వినపడింది. ఆయన ఆగలేదు. పక్కటెముకల మీద, తొడల మీద, విరిగిన చేతి మీదే మళ్ళీ. కత్తి పసుపు నా రవికకు, నా ముఖానికి అంటుకుంది. నోట్లో రక్తం, పసుపు కలిసిన రుచి నాకు ఇంకా తెలుసు. నేను వాంతి చేసుకున్నాను.

"సాల్లేరా" అన్నాడు బావ, అప్పటిదాకా చూసి. "సేతి మీద కొట్టద్దు. రేపు మళ్ళా దారం వడకాల కదా."

ఆ రోజే పెద్దమనుషులు ఐదుగురు వచ్చారు. నన్ను గొర్రెల దొడ్డిలో కూర్చోబెట్టారు. లోపల కొడవలితో పడుగు కోస్తుంటే తెలిసింది. బిగించి ఉన్న పోగులు కొయ్యగానే టప్పు టప్పుమని వెనక్కు తన్నుకుంటాయి. నేసినంత వరకు చుట్టి, ఊరి బయట గుట్ట మీదకు తీసుకుపోయారు. ఉన్ని తొందరగా మండదు. ముడుచుకుంటుంది, పొగ పెడుతుంది, వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. కిరసనాయిలు రెండుసార్లు పోశారంట. ఆ కంపు దొడ్డి దాకా వచ్చింది. గొర్రెలు బెదిరి అన్నీ ఒక మూలకు నెట్టుకున్నాయి. నేను వాటి మధ్యలో ఉన్నాను.

తీర్పు చెప్పారు. ఆ బొమ్మ లోకంలో లేకుండా పోవాలి. పోయిందని అల్లుడు బెంగళూరు నుంచి చెప్పిన రోజే మా మగ్గానికి మళ్ళీ పసుపు రాస్తారు. అప్పటిదాకా మా ఇంట్లో మగ్గం ఆడకూడదు, మా కంబళి మా కులంలో ఎవరూ ముట్టకూడదు. దేవుడికి అప్పగించిన కత్తితో మనిషిని ఎందుకు కొట్టావని ఐదుగురిలో ఒక్కరూ మా ఆయనను అడగలేదు.

మర్నాడు పాప వచ్చి నన్ను ఎముకలు అతికించే పుత్తూరు కట్టుకు తీసుకుపోయింది. చిత్తూరు మీదుగా రెండు బస్సులు. ప్రతి గుంతకూ నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. పుత్తూరులో వరసలో ఆడవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఒకామె బాయి దగ్గర జారి పడిందంట. ఒకామె మెట్ల మీద నుంచి జారిందంట. ఒకామె వంటింట్లో. నా పక్కన సత్యవేడు వైపు నుంచి వచ్చిన ముసలామె, నిజంగానే గేదె తన్ని కాలు విరిగినామె, అందరి మాటా విని నోరు తుడుచుకుంది.

"ఏందమ్మా మీ ఊర్లల్లో నేలలు ఇంత నున్నగా ఉండాయి? మొగోళ్ళకు మాత్రం జారవా?"

నవ్వితే పక్కటెముకలు పొడుస్తున్నా అందరం నవ్వాం. "నువ్వెట్ల పడితివమ్మీ?" అంది నన్ను.

"మగ్గం గుంతలో పడినా" అన్నాను.

ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. చెయ్యి బరువెక్కింది. అక్కడి నుంచి ఊరికి పోకుండా తిరుపతిలో పాప గదికి పోయాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం మా ఆయన షాపుకు వచ్చాడు. ఓనరు భోజనానికి పోయాడు. పెళ్ళి కార్డు అచ్చు చూసుకుంటూ ఒక తండ్రీ కొడుకూ ఉన్నారు. మా ఆయన చెప్పులు మెట్ల మీదే విడిచి, చేతులు కట్టుకుని లోపలికి వచ్చాడు. పన్నెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"యాడుండాది అది?" అన్నాడు పాపతో.

పాప నన్ను చూసింది. తల ఊపాను. అది కంప్యూటరులో ఫోటో తెరిచి చూపించింది.

ఆయన వంగి చూశాడు. చాలా సేపు చూశాడు. అప్పటిదాకా కాగితం మీద కూడా సరిగా చూడలేదనుకుంటా. అద్దం మీద వేలు పెట్టి అంచు వెంబడి కింద నుంచి పైకి జరిపాడు, మగ్గం మీద చేసినట్టే. ఒక చోట వేలు ఆగింది. "ఈడ రవ్వంత వదులు పోయినాను" అన్నాడు.

"యాడా వదులు లేదు" అన్నాను.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. "తీసెయ్ పాపా."

"అమ్మది నాయనా అది. అమ్మ సెప్పాల."

"మీయమ్మ సెప్పేదేంది? తీసెయ్."

"తియ్యను" అన్నాను.

"ఏందీ?"

"తియ్యను. ఉన్నింది కాల్చేస్తిరి. కిరసనాయిలు పోసి కాలిస్తిరి. నువ్వు నేసిన దాంట్లో అంత మంచిది ఉండాదా? నేను వడికిన దాంట్లో ఉండాదా? ఇంక అది ఉండేది ఈడొక్క చోటనే. ఇదీ పోతే మనం సేసినట్టు ఎవురికీ తెలీదు."

"నీకు బొమ్మ కావాల. నాకు మగ్గం కావాలే" అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది. "పన్నెండు దినాల నుంచి గుంతలోకి దిగలేదు. సేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీకుండా ఉండాది. ఊర్లో ఒక్కడు పలకరించలే. అది తీసేస్తే అన్నీ మొదటి మాదిరే అయితాయి."

"మొదటి మాదిరి అంటే నాకు తెలుసు. దేవుని కత్తి తీసుకోని నా చెయ్యి విరగ్గొడితివి. ఆ మాట పెద్దమనుషులకు సెప్పినావా? నీ కత్తికి ఏం పసుపు రాస్తారంట?"

ఆయన పక్కనున్న ఇనప స్టూలు ఎత్తడం చూశాను. నా మీదకే అనుకుని తల వంచాను. అది కంప్యూటరు అద్దంలోకి దిగింది. పెద్ద చప్పుడుతో పేలింది. గాజు పెంకులు నా ఒళ్ళోకి వచ్చి పడ్డాయి. పొగ వాసన. పెళ్ళికొడుకు గోడకు అతుక్కుపోయాడు.

ఆయన రొప్పుతూ నా వైపు తిరిగాడు. "పోయిందా?"

దెబ్బ ఆగే మాట ఏదో నాకు ఎప్పుడూ తెలుసు. నాదే తప్పు, ఇంక చెయ్యను, జారి పడ్డాను. అలాంటి మాటలు ఇరవై రెండేళ్ళు చెప్పాను. ఇప్పుడు "పోయింది" అంటే చాలు. ఆయనకు చదువు రాదు. నమ్మి బస్సెక్కుతాడు. అల్లుడు చూసి చెప్పేదాకా నాకు రెండు మూడు రోజులు దొరుకుతాయి.

"పోలేదు" అన్నాను. "అది ఈ డబ్బాలో లేదు."

"మరి యాడుండాది?"

"నాకూ తెలీదు."

అది అబద్ధం కాదు. పాప చాలాసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు. ఆయన స్టూలు పైకెత్తి రెండో కంప్యూటరు వైపు చూశాడు. మూడోదాని వైపు చూశాడు. తలుపు మీద ఉన్న కరెంటు పెట్టె వైపు కూడా చూశాడు. దేన్ని కొట్టాలో ఆయనకు తెలియలేదు. చివరికి తెలిసిందాన్ని కొట్టాడు.

వెదురు బద్దలు పగిలి నా చేతిలోకే దిగాయి. నేను అరిచిన అరుపు కింద టీ అంగడి దాకా వినపడిందంట. పాప ఆయన వీపు మీదకు ఎగిరి మెడ పట్టుకుని భుజం కొరికింది. ఆయన విదిలిస్తే దాని పెదవి బల్ల అంచుకు తగిలి చీలింది. అయినా వదలలేదు. పెళ్ళికొడుకు వాళ్ళ నాయన, టీ అంగడి వాళ్ళు ముగ్గురూ కలిసి ఆయనను మెట్ల మీద ఈడ్చుకుంటూ కిందికి దించారు. ఒకతను పైకి వచ్చి, "పోలీసులను పిలిచేదా అమ్మా? ఇంటి సంగతి అంటే వదిలేస్తాం" అన్నాడు.

"పిలువు నాయనా" అన్నాను.

వాళ్ళు వచ్చేలోగా పాప నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని గాజులు ఊడ్చింది.

"మా, తీసేస్తా. ఒక్క నొక్కుడు. నీ ప్రాణం కంటే ఎక్కువనా?"

"పక్కకు జరుగు" అన్నాను.

పగలని కంప్యూటరు ముందర కూర్చుని ఎడమ చేత్తో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఫోటో కింద రాశాను. వడికింది నేను. నేసింది నా మొగుడు. దీన్ని మా కులం వాళ్ళు కాల్చేశారు. దీనికోసం నా మొగుడు నా చెయ్యి రెండుసార్లు విరగ్గొట్టాడు, మొదటిసారి పేకను బిగించే కత్తితో. ఇది తియ్యను.

చెయ్యి వంకరగా అతుక్కుంది. బొటనవేలు సగం దాకే వంగుతుంది. వడకడం మానలేదు కానీ దారం ఒక చోట లావు, ఒక చోట సన్నం. దాని ఫోటోలే పెడుతున్నాను. స్టేషనులో మా ఆయనను రెండు రోజులు ఉంచుకుని వదిలేశారు. నేను ఊరికి పోలేదు. మగ్గం గుంతను మట్టితో పూడ్చేశారని, ఆయన పలమనేరులో పాల కేంద్రం దగ్గర క్యాన్లు ఎత్తే కూలికి పోతున్నాడని తోడికోడలు చెప్పి పంపింది. అది విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను. అయినా ఫోటో తీసెయ్యలేదు.

తీసెయ్యమని ఆయన నాలుగైదుసార్లు కబురు పెట్టాడు. ఒకసారి బతిమాలుతూ, ఒకసారి నరుకుతానంటూ. పోయిన నెల పాప పని మీద పలమనేరు పోతే బస్టాండులో ఎదురు పడ్డాడంట. తీసెయ్యమని అనలేదంట. "నీ ఫోన్లో ఉంటాదా అది? ఒక్కసారి సూపించు పాపా, అంచు సూసుకుంటా" అన్నాడంట.

పాప అక్కడి నుంచే నాకు ఫోను చేసింది. వెనకాల బస్సుల హారన్లు, ఆయన దగ్గు వినపడుతున్నాయి. ఏం చెయ్యమంటావని అడిగింది.

చూపించొద్దని చెప్పాను.